కన్ను చూసి కన్ను గీయండి

సైన్సు రికార్డులో కన్ను బొమ్మ మీరందరూ వేసే ఉంటారు. కార్నియా, కటకం, నేత్రపటలం అని గీతలు లాగి పేర్లు రాసి, మార్కులు కూడా తెచ్చుకొని ఉంటారు. మంచిదే. కాని ఆ బొమ్మ వేసేటప్పుడు మీలో ఎంతమంది పక్కవాడి కంటికేసి ఒక్కసారైనా చూశారు? చూడలేదు గదా! పుస్తకంలో ఉన్నది కంటిని నిలువుగా కోస్తే కనిపించే బొమ్మ. దాన్ని చూసి దించడానికి ముందు, ప్రాణమున్న కంటిని ఎదురుగా పెట్టుకొని పెన్సిలుతో గీయడం ప్రతి విద్యార్థీ నేర్చుకోవాలని నా అభిప్రాయం. డ్రాయింగు పీరియడును లెక్కలకు ఇచ్చేసే బడులున్నాయి. దానివల్ల సైన్సుకే నష్టమని నేననుకొంటాను.

ఒక హెచ్.బి. పెన్సిలు, రబ్బరు, తెల్లకాగితం చాలు. స్నేహితుణ్ణి కిటికీ ఎదుట కూర్చోబెట్టండి. ఎవరూ దొరక్కపోతే అద్దం ముందు మీరే కూర్చోండి. మొదటి బొమ్మ చేపలాగా వస్తుంది. అందరికీ అంతే, ఎందుకంటే కనిపించేది వదిలి, మనకు తెలుసుననుకొన్నది గీస్తాం. ఈసారి నిదానంగా చూడండి. పైరెప్ప వంపు ముక్కువైపు ఎత్తుగా ఉంటుంది. కింది రెప్ప వంపు బయటివైపు దిగి ఉంటుంది. నల్లగుడ్డు పైఅంచును ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర రెప్ప కప్పుతుంది. పూర్తి వృత్తం గీశారా, మీ స్నేహితుడు దయ్యాన్ని చూసినవాడిలా తయారవుతాడు!

తెల్లగుడ్డు నిజంగా కాగితమంత తెల్లగా ఉందా? అది బంతి గనుక పక్కలు నీడలోకి తిరుగుతాయి. పైరెప్ప నీడ కూడా దానిమీద పడుతుంది. పెన్సిలును వాలుగా పట్టుకొని ఆ నీడను లేతగా వేయండి, గుడ్డు గుండ్రమవుతుంది. మరి నల్లగుడ్డు మీద మెరిసే చుక్క ఏమిటి? దగ్గరగా చూస్తే అది మీ కిటికీయే. కార్నియా కుంభాకార దర్పణంలా పనిచేసి కిటికీని చిన్నదిగా, నిటారుగా చూపిస్తోంది. అక్కడ కాగితాన్ని ఖాళీగా వదిలేయండి. ముక్కువైపు మూలలో ఎర్రని చిన్న కండ, దాని పక్కనే సన్నని మడత ఉంటాయి. కోడి కంటిలో అడ్డంగా జరిగే మూడో రెప్పను చూశారా? మన కంటిలో దాని అవశేషమే ఆ మడత. మీ రికార్డు బొమ్మలో ఇది ఉండదు.

గుంటూరు ప్రాంతంలో మిరప కల్లాల దగ్గర ఆడవాళ్ళు కాయలు ఏరుతుంటే గమనించండి. ఎర్రటి రాశిలో తెల్లబారిన తాలుకాయ వాళ్ళ కంటికి ఇట్టే దొరుకుతుంది. ఏళ్ళ తరబడి చూడటంవల్ల వచ్చిన నేర్పు అది. బొమ్మ గీయడమూ అలాంటి సాధనే. స్పెయిన్ దేశపు రామోన్ ఇ కహాల్ చిన్నతనంలో చిత్రకారుడు కావాలనుకొన్నాడు. తండ్రి పట్టుబట్టి వైద్యం చదివించాడు. చివరకు ఆ పెన్సిలే అక్కరకు వచ్చింది. నేత్రపటలంలోను, మెదడులోను ఉండే నాడీకణాలను సూక్ష్మదర్శినిలో చూసి ఆయన గీసిన బొమ్మలు నేటికీ శాస్త్రజ్ఞుల పుస్తకాల్లో కనిపిస్తాయి. 1906లో గాల్జీతో కలిసి ఆయన నోబెల్ బహుమతి అందుకొన్నాడు.

మీకు నోబెల్ సంగతి అలా ఉంచండి, ఇంట్లోనే ఒక ప్రయోజనం ఉంది. ఎండలో, దుమ్ములో ఏళ్ళ తరబడి పొలం పని చేసినవారికి ముక్కువైపు నుంచి నల్లగుడ్డు మీదికి ముక్కోణంగా కండ పెరగవచ్చు. విటమిన్ ఎ చాలని చిన్నపిల్లల తెల్లగుడ్డు మీద నురగ వంటి మచ్చ కనిపించవచ్చు. వాళ్ళకు రేచీకటి కూడా ఉండవచ్చు. రోజూ ముఖాలు చూసుకొనే ఇంట్లోనే ఇవి ఎవరి దృష్టికీ రాకుండా ఉండిపోతాయి. పది కళ్ళు గీసినవారికి పదకొండో కంటిలో తేడా తెలుస్తుంది. తెలిస్తే పసర్లు పోయనివ్వకండి. కంటి డాక్టరుకు చూపించమని పెద్దలతో చెప్పండి. అన్నట్టు, మిరపకాయలు ముట్టిన చేత్తో ఎవరి రెప్పా తాకవద్దు. మంట పుట్టించే కాప్సైసిన్ నీటిలో సరిగా కరగదు, సబ్బుతో రుద్ది కడుక్కోవాలి.

గీసిన ప్రతి బొమ్మ కింద తేదీ వేయండి. శుక్లం బాగా ముదిరిన తాతగారుంటే ఆపరేషనుకు ముందొకటి, కన్ను మానిన తర్వాత ఒకటి గీయండి. మొదటి బొమ్మలో మధ్యనున్న తారకకు బూడిదరంగు వేసి ఉంటారు. రెండోదానిలో అదే చోట పెన్సిలును గట్టిగా నొక్కి నలుపు దిద్దవలసి వస్తుంది.