గడ్డ పెరగకుండా ఆగడమూ స్వస్థతే

గత మాసం అస్ర్ నమాజు ముగిసిన పిదప మా మదర్సాలో చదువుకునే ఒక బాలుని తండ్రి స్కానింగ్ ఫిల్ములు చేతబట్టుకుని వచ్చారు. ఆయన భార్యకు రెండేళ్ళుగా ఎడమ చెవి వినికిడి మందగించింది. చెవిలో ఎడతెగని హోరు, నడకలో తూలుడు. వరంగల్‌లో ఎంఆర్‌ఐ తీయిస్తే, చెవి నుండి మెదడుకు వెళ్ళే నరంపై గడ్డ ఉన్నట్లు తేలింది. హైదరాబాద్‌లో రేడియేషన్ చికిత్స చేయించారు. ఆరు నెలల తర్వాత తీసిన స్కానింగ్‌లో గడ్డ మునుపటికంటే కొద్దిగా పెద్దదిగా కనిపించింది.

“మౌలానా సాబ్! కరెంటు పెట్టించినా గడ్డ తగ్గకపోగా పెరిగింది. ఇక ఆసుపత్రుల చుట్టూ తిరగడం మాని, దువాతోనే సరిపెట్టుకుందామనుకుంటున్నాం” అన్నారాయన.

ఆ మాట నన్ను కలవరపరిచింది. నేను వైద్యుణ్ణి కాను. అందుకే ఆయనను వెంటబెట్టుకుని చికిత్స చేసిన వైద్యుని వద్దకే వెళ్ళాను. అక్కడ తెలుసుకున్నది ప్రతి కుటుంబానికీ ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాను.

మెదడుకు పీఠంలా ఉండే పుర్రె అడుగుభాగం ఎంతో ఇరుకైన చోటు. చూపు, వినికిడి, ముఖ కదలిక, మింగుడు - వీటికి సంబంధించిన నరాలూ, ప్రధాన రక్తనాళాలూ అక్కడి చిన్న రంధ్రాల గుండానే సాగుతాయి. అక్కడ పుట్టే గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కావు, నిదానంగా పెరుగుతాయి. అయినా కత్తి పెడితే పక్కనున్న నరం దెబ్బతినే ప్రమాదముంది.

ఈ చిక్కుకు స్వీడన్ శస్త్రవైద్యుడు లార్స్ లెక్సెల్ 1951లో ఒక ఉపాయం ప్రతిపాదించారు. అనేక సన్నని కిరణాలను వేర్వేరు దిక్కుల నుండి ఒకే బిందువుపైకి పంపడమే ఆ ఉపాయం. దారిలో ఒక్కొక్క కిరణం బలహీనం. అన్నీ కలిసే చోట మాత్రం ప్రబలం. ఆయన రూపొందించిన గామా నైఫ్ భారతదేశానికి 1997లో వచ్చింది. పేరులో కత్తి ఉన్నా కోత లేదు. సైబర్ నైఫ్ వంటి యంత్రాలతోనూ ఈ చికిత్స చేస్తారు. సాధారణంగా ఒకే రోజున, లేదా కొన్ని విడతల్లో ముగుస్తుంది.

మన జనం దీనిని “కరెంటు పెట్టడం” అంటారు గాని, శరీరంలోకి విద్యుత్తు ప్రవహించదు. కిరణ చికిత్స మనకు కొత్తదీ కాదు. హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరిట వెలసిన క్యాన్సర్ ఆసుపత్రి చరిత్ర 1955 నాటిది.

అసలు విషయం ఇది. ఈ కిరణాలు గడ్డను తీసివేయవు; దాని కణాలకు వృద్ధి చెందే శక్తిని నశింపజేస్తాయి. చెవి నరపు గడ్డ తొలి నెలల్లో కొంత వాచి, స్కానింగ్‌లో పెద్దదిగా కనిపించవచ్చు. ఆ తర్వాత చాలామందిలో అది ఆగిపోతుంది, లేదా ఏళ్ళ తరబడి మెల్లగా కుదించుకుపోతుంది. ఈ రకం గడ్డల్లో పదింట తొమ్మిదికి పైగా ఇలా అదుపులోకి వస్తాయి. అయితే పోయిన వినికిడి సాధారణంగా తిరిగి రాదు. ఉన్నది కాలక్రమేణా తగ్గనూవచ్చు. గడ్డ సుమారు మూడు సెంటీమీటర్లు దాటి మెదడు కాండాన్ని నొక్కుతుంటే తరచుగా శస్త్రచికిత్సే ముందు అవసరమవుతుంది. వాపు ఏది, నిజమైన పెరుగుదల ఏది అన్నది వరుస స్కానింగులను పోల్చి చూసిన వైద్యుడే చెప్పగలడు. కనుక కొన్నేళ్ళపాటు క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకోవలసిందే.

సోదర సోదరీమణులారా! చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఉపదేశించారు. దువా చికిత్సకు తోడు; దాన్ని మానుకోవడానికి సాకు కారాదు. సబ్ర్ అంటే ఊరకే కూర్చోవడమని మనలో కొందరు భావిస్తారు. గడువు ప్రకారం పరీక్షకు వెళ్ళి, ఫలితం కోసం నిబ్బరంగా వేచి ఉండడం కూడా సబ్రే. ఖర్చు భారమనిపిస్తే, ఆ చికిత్స ఆరోగ్యశ్రీ పరిధిలోకి వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

మొన్న ఆ ఇంటికి వెళ్ళాను. నమాజు వేళల క్యాలెండర్‌పై తర్వాతి స్కానింగ్ తేదీ చుట్టూ ఆ బాలుడు ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంచాడు.

అల్లాహ్ ఆ తల్లికీ, రోగగ్రస్తులందరికీ సంపూర్ణ స్వస్థత ప్రసాదించుగాక! ఆమీన్.