ఆత్మరక్షణ వరకే అనుమతి

పోయిన సెప్టెంబరులో, చాకలి ఐలమ్మ వర్ధంతి రోజుల్లో, పాలకుర్తిలో ఒక స్వచ్ఛంద సంస్థ ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిబిరం పెట్టి నన్ను మాట్లాడమని పిలిచింది. బడి ఆవరణలో 40 మంది దాకా పిల్లలు, చున్నీలు నడుముకు బిగించి కట్టుకుని నిలబడ్డారు. వెనక నుంచి మెడ పట్టుకుంటే ఎలా విడిపించుకోవాలి, బస్సులో ఎవడైనా చెయ్యి వేస్తే వేలు ఎలా విరవాలి, ఇవీ పాఠాలు. నేను హింస గురించీ చట్టాల గురించీ నాకు అలవాటైన ఉపన్యాసం ఇచ్చాను. చివర్లో ప్రశ్నలు అడగమంటే ఇంటర్ చదివే ఒక అమ్మాయి లేచింది. "మేడం, ఫోన్ల చూసిన. ఆడోళ్ళు జాలి లోపట కొట్లాడుతున్రు. అట్ల కొట్లాడి బతకొచ్చా? పైసలిస్తరా?" పిల్లలు నవ్వారు. వేదిక మీదున్న పెద్దలు ఇంకా గట్టిగా నవ్వారు. నిర్వాహకుల్లో ఒకాయన, "ఇది మనల్ని మనం కాపాడుకోవడానికేనమ్మా, ఎవర్నో కొట్టడానికి కాదు" అని చెప్పి కూర్చోబెట్టాడు. నేను కూడా ఏమీ అనలేదు. ఆ మౌనం నన్ను ఇంకా వదల్లేదు.

ఆ పెద్దమనిషి మాటలో మన సమాజపు షరతు మొత్తం ఉంది. ఆడపిల్ల పిడికిలి బిగించవచ్చు, అయితే తన 'మానాన్ని' కాపాడుకోవడానికి మాత్రమే. ఆ మానం తనది కూడా కాదు, ఇంటిది, కులానిది. అంటే ఆమె చేత్తో ఇంటి పరువుకు కాపలా కాయించుకోవడం అన్నమాట. అదే చేత్తో గెలవడానికి, పేరుకోసం, డబ్బుకోసం కొడతానంటే వెంటనే అది ఆడతనానికి విరుద్ధమైపోతుంది. కేంద్ర ప్రభుత్వం బడుల్లో మూడు నెలల పాటు ఇప్పించే శిక్షణకు రాణీ లక్ష్మీబాయి పేరు పెట్టారు. పేరు యుద్ధం చేసిన రాణిది, నేర్పేది తప్పించుకు పారిపోవడం!

అసలు పాలకుర్తిలో నిలబడి ఈ మాట అనడమే విడ్డూరం. ఐలమ్మ పోరాడింది మానం కోసమని ఎవరు చెప్పారు? ఆమె కౌలుకు చేసుకున్న భూమి కోసం, పండించిన ధాన్యం కోసం నిలబడింది. విసునూరు దేశముఖు మనుషులు పంట కోసుకుపోవడానికి వస్తే సంఘం అండతో ఆ పంటను తన ఇంటికి చేర్చుకుంది. అది బతుకు తగాదా, ఆస్తి తగాదా. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివిన వాళ్ళకు ఇది కొత్త కాదు. పోరాటం నడిచినన్నాళ్ళూ ఆడవాళ్ళ చేతులు కావలసి వచ్చాయి, పోరాటం ముగిశాక వాళ్ళను ఇంటికి పొమ్మన్నారు. ఇప్పుడు ఐలమ్మకు విగ్రహాలున్నాయి, 2024లో కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. పోరాడే స్త్రీని రాయిగా మార్చి దండ వేయడం మనకు బాగా వచ్చు. ఒళ్ళు నొప్పులతో, కూలి లెక్కలతో బతికున్న స్త్రీగా చూడడం మాత్రం రాదు.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు మన దగ్గరే జవాబుంది, నిజామాబాద్‌లో. నిఖత్ జరీన్ 1996లో అక్కడ పుట్టింది. మొదట పరుగు పందాలకు స్టేడియానికి వెళ్ళిన పిల్ల, బాక్సింగులో ఆడపిల్లలు ఎందుకు లేరని తండ్రిని అడిగి, తానే ఆ లోటు తీర్చింది. తొలి రోజుల్లో కన్ను కమిలి ఇంటికొస్తే, ముఖం పాడైతే ఎవరు చేసుకుంటారని తల్లి దిగులు పడిందనీ, పొట్టి నిక్కర్ల గురించి బంధువులు గుసగుసలు పోయారనీ ఆమే ఇంటర్వ్యూలలో చెప్పింది. 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ విజేత అయింది. 2017లో భుజం గాయంతో ఆట ఆగింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో, 2023 మార్చిలో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ గెలిచింది.

పత్రికలు రాసింది ఇంతవరకే. నాకు వీటన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది 2019. ప్రపంచ పోటీలకు మేరీ కోమ్‌ను ట్రయల్స్ లేకుండా ఎంపిక చేసినప్పుడు, ఆ తర్వాత ఒలింపిక్ అర్హత పోటీల విషయంలోనూ అలాగే జరుగుతుందేమోనన్నప్పుడు, 23 ఏళ్ళ నిఖత్ కేంద్ర క్రీడా మంత్రికి బహిరంగంగా ఉత్తరం రాసింది. నాకు న్యాయంగా పోటీపడే అవకాశం ఇవ్వండి, అంతే అడిగింది. దాన్ని ఎంతమంది పొగరన్నారు, పెద్దావిడ పట్ల కృతఘ్నత అన్నారు! డిసెంబరులో ట్రయల్ పెట్టారు. నిఖత్ 1-9 తేడాతో ఓడిపోయింది. ఓడింది కాబట్టి ఆమె అడిగింది తప్పని తేల్చేశారు. ఉద్యోగంలో ప్రమోషన్‌కు పరీక్ష పెట్టమని అడిగిన మనిషి ఆ పరీక్షలో తప్పితే, అడిగే హక్కే లేకుండా పోతుందా? ఇద్దరు స్త్రీల మధ్య తగువుగా చూసి మనం కూడా పక్కకు తప్పుకున్నాం. నిజానికి అది ఎంపిక చేసేవాళ్ళ జవాబుదారీతనానికి సంబంధించిన ప్రశ్న. మేరీ కోమ్ గొప్పతనానికి దాంతో ఏ లోటూ లేదు.

ఇప్పుడు జాలి లోపలి ఆట. దాన్ని మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ అంటారు. పిడికిలి, మోకాలు, కాలు, కుస్తీ పట్లు అన్నీ చెల్లుతాయి. ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద సంస్థ అమెరికాలోని యు.ఎఫ్.సి. ఆడవాళ్ళు అందులో ఎప్పటికీ పోటీపడరని దాని అధిపతి 2011లో తేల్చి చెప్పాడు. 2013 ఫిబ్రవరిలో ఆడవాళ్ళ మొదటి పోటీ జరిగింది, టికెట్లు అమ్ముడయ్యాయి. వ్యాపారానికి పనికొస్తే పితృస్వామ్యం ఎంత త్వరగా మనసు మార్చుకుంటుందో చూడండి. ముజఫర్‌నగర్ జిల్లా బుఢానా నుంచి వచ్చిన పూజా తోమర్ 2024 జూన్‌లో అక్కడ గెలిచి, ఆ సంస్థలో పోటీ గెలిచిన మొదటి భారతీయ స్త్రీ అయింది. ఆమె బరువు విభాగం 52 కిలోలు. మన నిఖత్ 2022లో ప్రపంచ విజేత అయింది కూడా 52 కిలోల్లోనే.

మన తెలుగు సినిమాకు ఈ ఆట తెలియదా? బాగా తెలుసు. 2022లో నిఖత్ ఇస్తాంబుల్‌లో గెలిచిన మూడు నెలలకు 'లైగర్' వచ్చింది. కరీంనగర్ నుంచి ముంబై వెళ్ళిన తల్లి కష్టమంతా కొడుకును ఫైటర్ని చేయడానికే. 2017లో 'గురు' వచ్చింది. బాక్సర్‌గా నటించిన రితికా సింగ్ నిజంగానే ఈ ఆట ఆడిన మనిషి. కథ అమ్మాయిది, దెబ్బలు అమ్మాయివి, దర్శకురాలు కూడా స్త్రీయే. పేరు మాత్రం కోచ్‌ది!

మన మిత్రుల్లోనే కొందరు అంటారు: మగవాళ్ళ హింసను మనమూ నేర్చుకోవాలా, శరీరాన్ని అంగట్లో పెట్టడం విముక్తి ఎలా అవుతుంది అని. ఈ ప్రశ్న తేలిగ్గా తీసేయదగింది కాదు. తలకు తగిలే దెబ్బలు మెదడును దెబ్బతీస్తాయి, పోటీకి ముందు బరువు దించడం కోసం ఒంట్లో నీళ్ళు పిండుకోవడం ప్రమాదం. పారిస్‌లో 2024 ఆగస్టులో వినేశ్ ఫోగాట్ 100 గ్రాముల కోసం ఫైనల్ పోగొట్టుకోవడం మనమంతా చూశాం. కానీ ఒక మాట అడుగుతాను. నిజామాబాద్ బీడీల జిల్లా. అక్కడ తరతరాల ఆడపిల్లలు పొగాకు దుమ్ము పీలుస్తూ, నడుము వంచి బీడీలు చుట్టారు. వాళ్ళ ఊపిరితిత్తులు పాడైతే ఆడతనానికి భంగం కలిగిందని ఎవరైనా వాపోయారా? పాలకుర్తి పొలాల్లో నాట్లేసే వాళ్ళ నడుముల సంగతేమిటి? ఆడవాళ్ళ శరీరం అరిగిపోవడం ఎవరికీ అభ్యంతరం కాదు. అది ఇంటికోసం, సేఠు కోసం అరిగితే సద్గుణం. తనకోసం, తన పేరు మీద అరిగితేనే హింస గుర్తుకొస్తుంది. రింగులో ఇద్దరూ ఒప్పుకుని, ఒకే బరువుతో, రిఫరీ ఎదుట నిలబడతారు. మన ఇళ్ళల్లో జరిగే కొట్లాటకు ఈ మూడింటిలో ఒక్కటైనా ఉందా?

కాబట్టి ఆ ఆట మంచిదా చెడ్డదా అన్న చర్చను నేను ఇక్కడితో వదిలేస్తున్నాను. అది పని. పనిగా చూస్తే మనకు తెలిసిన ప్రశ్నలే వస్తాయి. యు.ఎఫ్.సి. తన ఫైటర్లను ఉద్యోగులుగా గుర్తించదు, స్వతంత్ర కాంట్రాక్టర్లంటుంది. చాలా ఒప్పందాల్లో రింగులోకి దిగినందుకు ఒక మొత్తం, గెలిస్తే ఇంకొకటి. తమకు రావలసిన డబ్బును తొక్కిపెట్టారని ఫైటర్లు వేసిన దావాలో ఆ సంస్థ 37.5 కోట్ల డాలర్లకు రాజీపడాల్సి వచ్చింది. అమెరికాలో వాళ్ళకే ఈ గతి పడితే, మన ఊళ్ళో జిమ్ నడిపేవాడు ఇంటర్ పిల్లతో తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకుంటే అడిగేవాళ్ళెవరు?

లైంగిక వేధింపుల మాటకొస్తే, 2023లో జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద పడుకున్న మల్లయోధులను చూశాక కూడా మనకు సందేహం ఉండకూడదు. అవతలివాడిని ఒక్క పట్టుతో కూలదోయగలిగిన వాళ్ళు అధికారంలో ఉన్నవాడి చేతిని తోసెయ్యలేకపోయామని చెప్పారు. ఆత్మరక్షణ పాఠాల డొల్లతనానికి ఇంతకంటే రుజువు ఏం కావాలి? 2013 చట్టంలో 'పని స్థలం' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే స్టేడియం, క్రీడా శిక్షణ సంస్థ, పోటీ జరిగే చోటు స్పష్టంగా ఉన్నాయి. పదిమంది కంటే తక్కువ పనిచేసే చిన్న జిమ్ అయితే ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళాలి. జిల్లాల్లో పనిచేస్తున్న మనలో ఎంతమందిమి ఆ కమిటీ సభ్యుల పేర్లు స్టేడియం గోడ మీద రాయించాం? నేను రాయించలేదు.

తెలంగాణ ప్రభుత్వం నిఖత్‌కు 2022లో 2 కోట్ల రూపాయలు ప్రకటించింది, 2024లో డి.ఎస్.పి. ఉద్యోగం ఇచ్చింది. సంతోషం. అయితే అది ప్రపంచాన్ని గెలిచాక ఇచ్చిన బహుమానం. జిల్లా స్థాయిలో మోకాలు విరిగి ఆగిపోయిన పిల్లకు ఆస్పత్రి ఖర్చు ఎవరిస్తారన్నది హక్కు ప్రశ్న, దానికి సన్మాన సభల్లో జవాబు దొరకదు.

ఆ అమ్మాయి ఫోన్ నంబరు నిర్వాహకుల దగ్గర తీసుకుని మొన్న మాట్లాడాను. అవునమ్మా, కొట్లాడి బతకొచ్చు, కొందరు బతుకుతున్నారు, చాలామందికి సరిపడా డబ్బు రాదు, దెబ్బలు తగుల్తాయి, చదవకుండా దేని మీదా సంతకం పెట్టొద్దు అని చెప్పాను. అంతా విని, "గివన్నీ నాకు కాదు మేడం, మా నాయినకు చెప్పాలె" అంది. వచ్చే నెల వాళ్ళింటికి వెళ్తున్నాను.