నినాదం మాటున పత్తి, నూలు

దేశం తన కాళ్లమీద తాను నిలబడాలనడంలో తప్పులేదు. ఆ మాట ప్రశ్నించరాని మంత్రంగా మారితే మాత్రం ప్రాణాలమీదికి వస్తుంది. ఉత్తర కొరియాలో జరిగిందదే. 1955లో ఆ దేశాధినేత కిమ్ ఇల్ సుంగ్ ముందుకు తెచ్చిన 'జూచే' అనే స్వావలంబన సిద్ధాంతం సోషలిజాన్నీ జాతీయవాదాన్నీ ఒకటి చేసింది. పత్తికి అనువుకాని ఆ దేశం బొగ్గు, సున్నపురాయి నుంచి వినలాన్ అనే దారం తీసి, 1961లో హామ్‌హుంగ్‌లో భారీ ఫ్యాక్టరీ పెట్టుకుంది. దాన్ని స్వావలంబనకు గుర్తుగా చూపింది. కానీ పొలాలూ యంత్రాలూ నడిచింది సోవియట్ నుంచి చౌకగా వచ్చే చమురు దన్నుతో. 1991లో ఆ అండ పోయింది. ఎరువుల్లేవు, కరెంటు లేదు, ఆపైన వరదలు. లక్షలమంది ఆకలితో చనిపోయారు. ముప్పును ముందే చెప్పగలవాళ్లు నోరెత్తితే దేశద్రోహులయ్యేవారు.

పత్తి యార్డున్న ఆదోని, చేనేత ఊరైన ఎమ్మిగనూరు ఈ సంగతి పట్టించుకోవాలి. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టినప్పుడు స్వదేశీ భావన వట్టి మాట కాదు. సంఘం నూలు ఇచ్చేది, నేసిన బట్ట అమ్మిపెట్టేది. గుంతమగ్గంలో కాళ్లుపెట్టి కూర్చున్న నేతగాడికీ, పక్కన కండెలు చుట్టే ఇల్లాలికీ పూట గడిచింది దాంతోనే.

ఇప్పుడు ఆ ఏర్పాట్లే సడలిపోతున్నాయి. చేనేతకు ప్రత్యేకించిన రకాలు 1985 చట్టం కింద మొదట 22; తర్వాత వాటిని 11కు కుదించారు. 2020 మేలో స్వావలంబన పేరుతో ఆత్మనిర్భర్ భారత్ ప్రకటించారు, జులైలో అఖిల భారత చేనేత బోర్డును రద్దు చేశారు. 2025 ఆగస్టులో పత్తిపై 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసి, ఆ మినహాయింపును డిసెంబరు 31 దాకా పొడిగించారు. ఆదోని యార్డుకు కొత్త పత్తి వచ్చేదీ ఆ నెలల్లోనే. అమెరికా సుంకాల దెబ్బతిన్న మిల్లులకు ముడిసరుకు చౌకగా కావాలన్న వాదనలో నిజముంది. ఆ భారం రైతు నెత్తిన ఎందుకు వేశారన్న ప్రశ్నకు జవాబు రాలేదు.

అడిగినవాళ్లకు దేశాభిమానం పాఠాలు చెప్పడం మొదలైతే మనమూ ఉత్తర కొరియా దారి పట్టినట్టే. ఇప్పటికే ఏటా ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి బిడ్డలను బడి మాన్పించి గుంటూరు మిరప చేలకు సుగ్గి (వలస) పోతున్న కుటుంబాలు ఎన్నో. ఇకపై సుంకం తీసేముందు యార్డు ధరమీద దాని ప్రభావాన్ని లెక్కగట్టి బయటపెట్టాలి. ధర మద్దతు ధరకన్నా తగ్గిన రోజే భారత పత్తి సంస్థ (సీసీఐ) కొనుగోలుకు దిగాలి. చిలప నూలు సహకార సంఘాల చేతికే నేరుగా అందాలి. ఇవి వచ్చే పత్తి సీజన్‌కు ముందే జరగాలి.