తాళాల గుత్తికి ఒక చిన్న దీపం

సెల్‌ఫోనులో లైటు ఉండగా వేరే టార్చిలైటు ఎందుకండీ అని చాలామంది అడుగుతుంటారు. కావాలనే మేమంటాం.

మదీనత్ అల్ షమాల్‌లో ఊరి దీపాలు దాటితే చీకటి చీకటిలాగే ఉంటుంది. డిసెంబరులో సాయంత్రం అయిదు కాకముందే పొద్దు గుంకుతుంది. చలికాలం సెలవుల్లో పిల్లలతో ఎడారిలో గుడారం వేసేవాళ్ళు, 1938లో కట్టిన జుబారా కోట చూసి ఆలస్యంగా తిరిగి వచ్చేవాళ్ళు, పాడుబడిన అల్ జుమైల్ గోడల మధ్య తిరిగేవాళ్ళు మనలో తక్కువేం కాదు. అక్కడ కాలికింద గాజుపెంకు ఉందో, తేలు ఉందో చూసుకోవాలి. టైరు పంక్చరైతే స్టెప్నీ మార్చాలి. సరిగ్గా అప్పుడే ఫోనులో చార్జింగు కూడా కావాలి. 999కి చెయ్యాల్సింది ఆ ఫోనుతోనే, మనం ఎక్కడున్నామో చెప్పాల్సిందీ దానితోనే. దాన్నే దీపంగా వాడి ఖాళీ చేసుకోవడం తెలివైన పనేనా?

మన ఊళ్ళలో పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. రాత్రి కరెంటు రోజుల్లో మోటారు వెయ్యడానికి పొలం వెళ్ళే రైతు బ్యాటరీలైటు లేకుండా గడప దాటేవాడు కాదు. కట్లపాము తిరిగేది రాత్రిపూటే మరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద విరుచుకుపడ్డాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఫోను చార్జింగుకు జనం జనరేటరు ఉన్న చోటు వెతుక్కున్నారు.

అప్పటి టార్చిలో రెండు మూడు లావు సెల్లులు పట్టేవి. ఎల్.ఇ.డి. పుణ్యమా అని ఇప్పుడది బొటనవేలంత అయింది. నీలి వెలుగునిచ్చే ఎల్.ఇ.డి.ని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆ నీలి వెలుగు పసుపు పూత గుండా వస్తే మనకు తెల్లగా కనిపిస్తుంది. ఈ కథ మన బడి పిల్లలకు లైటు చేతికిచ్చి మరీ చెప్పవచ్చు.

అయితే చేతికిచ్చే ముందు దాన్ని ఒకసారి విప్పి చూడండి. చవక లైట్లలో చాలావాటికి బిళ్ళ సెల్లులు ఉంటాయి. పసివాళ్ళు మింగితే అది గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. వెలగడం మానేసిన పాత సెల్లుకూ ఆ శక్తి మిగిలే ఉంటుంది. మింగారన్న అనుమానం వచ్చినా సరే, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. మూతకు స్క్రూ లేనిది ఊరికే ఇచ్చినా తీసుకోకండి. పక్కన ఎర్ర లేజరు చుక్క కూడా వచ్చే రకాలు పిల్లల కళ్ళకు మంచివి కావు. చిన్నపిల్లలున్న ఇంటికి సన్న పెన్సిల్ సెల్లు ఒకటి పట్టేదో, ఫోను చార్జరుతో చార్జి చేసుకునేదో మేలని మా అభిప్రాయం.

కారులో పెట్టి మరచిపోతే ఇక్కడి వేసవికి ఏ బ్యాటరీ నిలవదు. తాళాల గుత్తికి ఉంటే మనతోపాటే ఇంట్లోకి వస్తుంది. చార్జి చేసే రకమైతే నెలకొకసారి, జీతం పడిన రోజున చార్జింగు పెట్టండి. ఆ తేదీ ఎవరికీ మరుపు రాదు.