ఆకు పేరు రాశారు, మనిషి పేరు రాయలేదు

మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు గూడేల్లో తామర వస్తే మన పెద్దోళ్లు ఏం రాస్తారో మీకు తెలుసు. వేప నూనె, కానుగ నూనె, పసుపు. ఇవే ఆకుల్నీ గింజల్నీ ల్యాబులో ఆల్కహాల్‌లో నానబెట్టి, సారం తీసి, తామర ఫంగస్ పెంచిన ప్లేటులో వేస్తారు. చుట్టూ ఫంగస్ పెరగని ఖాళీని మిల్లీమీటర్లలో కొలుస్తారు. పేపర్ అచ్చవుతుంది. మొక్కకు లాటిన్ పేరుంటుంది, రాసినోళ్ల పేర్లుంటాయి. చెట్టు చూపించిన మనిషి "స్థానిక గిరిజనులు" అన్న రెండు మాటల్లో కలిసిపోతాడు.

"పేరుదేముందిలే" అంటారా? వేప నూనెతో పంటల ఫంగస్‌ను అరికట్టే పద్ధతి మాదేనని అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీ 1994లో యూరప్ పేటెంట్ తెచ్చుకున్నాయి. ఇండియాలో అది పాత వాడుకేనని పోరాడితే 2000లో రద్దయింది. అప్పీలు 2005లో వీగిపోయింది. గాయాలకు పసుపు రాయడం మీద అమెరికా ఇచ్చిన పేటెంట్‌ను 1997లో సీఎస్‌ఐఆర్ పాత రాతలు చూపించి కొట్టేయించింది. మరి మన అవ్వ నోట్లో మాత్రమే ఉన్న మందుకు ఏ రాత చూపిస్తాం?

ఇంకో మాట. ప్లేటులో ఫంగస్ చచ్చినంత మాత్రాన అది మందైపోదు. మోతాదెంత, చర్మం మండుతుందా, తామర మళ్లీ వస్తుందా అన్నది మనుషుల్లో తేలాలి. తామరకు పేరుపడ్డ సీమ అవిసెను ఫిలిప్పీన్స్ ఆరోగ్య శాఖ తను సిఫారసు చేసే పది మందు మొక్కల్లో చేర్చింది. మన దగ్గర చాలా పరిశోధనలు పేపర్‌తోనే ఆగిపోతాయి. గూడేనికి వచ్చేది స్టెరాయిడ్ కలిపిన ట్యూబు. రాస్తే దురద తగ్గుతుంది, తామర మాత్రం పాకుతూనే ఉంటుంది. డాక్టర్ చీటీ లేకుండా అది కొనకండి.

అటవీ హక్కుల చట్టం 2006, సెక్షన్ 3(1)(కె) ప్రకారం ఈ జ్ఞానం మీద మేధోసంపత్తి హక్కు మన సమాజానిది. కేరళలో కాణి గిరిజనులు చూపిన ఆరోగ్యపచ్చతో 'జీవని' మందు తయారైతే, లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం వాళ్లకేనని పరిశోధనా సంస్థ ఒప్పుకుంది. ఇక్కడెందుకు కుదరదు?

ఇకనుంచి ఆకు కోసం ఎవరొచ్చినా ముందు గ్రామసభ ఒప్పుకోలు అడగండి. చెప్పినోళ్లు సరేనంటే వాళ్ల పేరు పేపర్‌లో ఉండాలి. ఫలితం తెలుగులో గూడేనికొచ్చి చదివి వినిపించాలి. పంచాయతీ జీవవైవిధ్య రిజిస్టర్‌లో మన మాట ఎక్కిందో లేదో ఈ నెలలోనే వెళ్లి చూడండి. ఎక్కకపోతే దగ్గరుండి రాయించండి.