మెర్లో పేరుతో పెరిగిన కార్మెనేర్: రకం గుర్తింపుపై ఒక అభిప్రాయం

వైన్ ద్రాక్ష రకాలను అడిగితే మన విద్యార్థులు కాబర్నే సావిన్యో, షిరాజ్, మెర్లో పేర్లు చెప్పగలరు. కార్మెనేర్ పేరు విన్నవారు అరుదు. అయినను, రకం గుర్తింపు ప్రాధాన్యాన్ని బోధించడానికి ఇంతకంటే తగిన ఉదాహరణ దొరకదని నా అభిప్రాయం.

కార్మెనేర్ ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతానికి చెందిన పాత ఎర్ర వైన్ రకం. వసంతంలో చలి, తేమ ఎక్కువైతే దీని పూత రాలి పిందె సరిగా నిలవదు. కాయ ఆలస్యంగా పక్వమవుతుంది. 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఫిలాక్సెరా అనే వేరు పురుగు యూరప్ తోటలను నాశనం చేసింది. తరువాత అమెరికా వేరుమూలాలపై అంట్లు కట్టి తోటలను పునరుద్ధరించినప్పుడు, బోర్డో రైతులు ఈ రకాన్ని దాదాపుగా విడిచిపెట్టారు.

అయితే ఆ విపత్తుకు ముందే బోర్డో నుండి చిలీ దేశానికి తీసుకుపోయిన కొమ్మలలో ఈ రకం కూడా ఉంది. అక్కడి తోటలలో అది మెర్లోతో కలిసిపోయి, మెర్లో పేరుతోనే ప్రవర్ధనం చెందుతూ వచ్చింది. 1994 నవంబరులో, అంటే ఆ అర్ధగోళంలో ద్రాక్ష పూతకాలంలో, ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్ మిషెల్ బూర్సికో మైపో లోయలోని ఒక తోటను పరిశీలించారు. పువ్వులలోని మెలితిరిగిన కేసరాలను గమనించి, అవి మెర్లో తీగలు కావని, కార్మెనేర్ అని గుర్తించారు. జన్యు పరీక్షలు దీనిని ధ్రువీకరించాయి.

పేరులోని ఈ పొరపాటు పంట నాణ్యతను నేరుగా దెబ్బతీసింది. కార్మెనేర్ మెర్లో కంటే కొన్ని వారాలు ఆలస్యంగా పక్వమవుతుంది. రెండు రకాలు కలిసిన తోటలో మెర్లో పక్వతను చూసి కోత కోస్తే కార్మెనేర్ పచ్చిగా ఉంటుంది. అందులో మిథాక్సీపైరజిన్లు అధికంగా మిగిలి, వైన్‌కు పచ్చి క్యాప్సికం వాసన వస్తుంది. కార్మెనేర్ కోసం ఆగితే మెర్లో మితిమీరి పండి ఆమ్లత్వాన్ని కోల్పోతుంది. నేలనో, నీటినో, వైన్ తయారీనో సరిదిద్దితే తీరే లోపం కాదిది. రెండు రకాలను వేరుచేసి, దేని కోత దానికి నిర్ణయించడమే పరిష్కారం. గుర్తింపు తరువాత చిలీ చేసినది అదే. బోర్డో విడిచిన రకం నేడు ఆ దేశపు ప్రత్యేకతగా ప్రసిద్ధి పొందింది.

డీఎన్ఏ పరీక్షలు అందుబాటులో ఉండగా ఆకు, పువ్వు లక్షణాల అధ్యయనం ఇంకా ఎందుకని కొందరు వాదిస్తారు. ఈ వాదన సగమే సరియైనది. పరీక్ష సందేహాన్ని తీర్చగలదు గాని సందేహాన్ని పుట్టించలేదు. పొలంలో ఎవరో ఒకరు ఆగి, పరిశీలించి, అనుమానించిన తరువాతనే నమూనా ప్రయోగశాలకు చేరుతుంది.

మన దేశంలో 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద కొత్త రకాల నమోదుకు విశిష్టత, ఏకరూపత, స్థిరత్వం అనే మూడు పరీక్షలు తప్పనిసరి. వీటి లక్షణాల పట్టికలను మన విద్యార్థులు పరీక్షలకు కంఠస్థం చేస్తున్నారు. మొక్క ముందు నిలబడి నింపడం తక్కువ. పట్టభద్ర స్థాయిలో ప్రతి విద్యార్థి కనీసం ఒక పంటలో రెండు సన్నిహిత రకాలను మొలక నుండి కోత వరకు పోల్చి నమోదు చేయడం తప్పనిసరి కావాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకు కూడా ఒక సూచన. ఒకే తోటలో కొన్ని మొక్కలు ఆలస్యంగా పూస్తున్నాయనో, కాయ సమానంగా పండడం లేదనో రైతు చెప్పినప్పుడు, మనం వెంటనే ఎరువులు, తెగుళ్ల వైపు మొగ్గుతాము. వాటితోపాటు, నారు ఎక్కడిది, తోటలో ఉన్నది ఆ పేరుగల రకమేనా అని కూడా విచారించాలి. రకం పేరు తప్పయితే, ఆ పేరుపై ఆధారపడి మనమిచ్చే ప్రతి సిఫారసూ తప్పుతుంది. నష్టం మాత్రం రైతుది.