గాలాన్ని లోతుకు దింపటం ఎలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కృష్ణ ఒడ్డున పెరిగిన పిల్లలకు పుట్టి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. తెలియనివారి కోసం చెబుతాను. వెదురు బద్దలతో పెద్ద బుట్ట అల్లి, నీరు చొరకుండా దాని వెలుపల కప్పు వేస్తారు. పూర్వం తోలు కప్పేవారు. తరవాత తారు పూసిన గుడ్డ, ప్లాస్టిక్ పట్టా వచ్చాయి. ఇప్పుడు ఫైబరు పుట్టీలు కూడా ఉన్నాయి. చేపలు పట్టేవారు అందులో కూర్చుని ఒక్క తెడ్డుతోనే నడుపుకుంటారు. గుండ్రని వస్తువు కనక దానికి ముందూ లేదు, వెనకా లేదు. తెడ్డు వెయ్యటం రానివాడు ఎక్కాడంటే అది ఉన్నచోటనే గానుగెద్దులా తిరుగుతుంది.

కయాకు అనే పడవ చూడటానికి దీనికి పూర్తిగా వ్యతిరేకం. చిక్కుడుకాయలాగా సన్నగా, పొడుగ్గా ఉంటుంది. అయినా ఈ రెండూ ఒకవిధంగా చుట్టాలే. ఉత్తర ధ్రువానికి దగ్గరగా మంచుదేశాల్లో నివసించే ఇనూయిట్ ప్రజలు కొయ్యతోనో, ఎముకలతోనో చట్రం కట్టి, దానిమీద సీలు జంతువు తోలు బిగించి కయాకు చేసేవారు. మనవాళ్ళూ చట్రం కట్టి తోలు కప్పారు, వాళ్ళూ అంతే చేశారు. ఒకరి చట్రం గుండ్రన, ఒకరిది పొడుగు. ఈనాటి కయాకులు చాలావరకు ప్లాస్టిక్‌వి. వికారాబాదు దగ్గర కోటిపల్లి చెరువుకు షికారు వెళ్ళినవారు మీలో కొందరు వాటిని చూసే ఉంటారు.

కయాకులో కూర్చుని గాలం వేసి చేపలు పట్టేవారు కూడా ఉన్నారు. వారికి వచ్చే పెద్ద చిక్కు ఒకటి ఉన్నది.

చేపలన్నీ ఒకే లోతులో ఉండవు. చెరువుల్లో పెంచే చేపలనే చూడండి: బొచ్చె పైనీటిలో మేస్తుంది, రోహు నడుమ నీటిలో, ఎర్రమోసు అడుగున. వీటిని కలిపి ఒకే చెరువులో పెంచటానికి కారణం అదే. ఒకదాని తిండికి మరొకటి అడ్డుపోదు. ఇక వాలుగ లాంటి వేటచేప కదిలే ఎరను తరిమి పట్టుకుంటుంది. ఎండాకాలంలో లోతైన జలాశయంలో పైనీరు కాగి తేలికై పైనే నిలిచిపోతుంది. చల్లని నీరు కిందనే ఉంటుంది. పైన వేడి ఎక్కువ. అట్టడుగున ప్రాణవాయువు తగ్గిపోవచ్చు. అప్పుడు చేపకు నడుమ నీరే సుఖం.

మరి ఎరను సరిగ్గా అక్కడ నిలపటం ఎలా? పడవ ఆగి ఉంటే ఏ బాధా లేదు. గాలపుతాడుకు చిన్న సీసపు గుండు కడితే తిన్నగా దిగుతుంది. కాని పడవ కదులుతున్నప్పుడు నీరు తాడును వెనక్కు తోస్తుంది. తాడు ఏటవాలై, ఎర పైకి తేలుతుంది. మీరు గాలిపటం ఎగరేస్తారు గదా, దాన్నే తలకిందులుగా ఊహించుకోండి. పెద్ద గుండు కట్టవచ్చు గదా అంటారేమో! కట్టవచ్చు. కాని చేప పడినప్పుడు చేపతోపాటు ఆ గుండును కూడా లాగాలి. సన్నని గాలపుకర్ర ఆ బరువుకు విరుగుతుంది.

దీనికి కనిపెట్టిన ఉపాయం పేరు డౌన్‌రిగ్గర్. పేరు కొత్తదే గాని, వస్తువు మీకు పాతదే. చేదబావి గిరకను తలుచుకోండి. ఒక చక్రానికి సన్నని ఉక్కుతీగో, గట్టి తాడో చుట్టి ఉంటుంది. అది ఒక చిన్న చేయి చివరి నుంచి నీటిలోకి దిగుతుంది. దాని కొసను చేదకు బదులు బరువైన గుండు. గాలపుతాడును మాత్రం గుండుకు కట్టరు. బట్టలకు పెట్టే క్లిప్పు వంటి దానితో గుండు దగ్గర పట్టించి ఉంచుతారు. గుండు దిగితే దానితోపాటు ఎరా దిగుతుంది. చేప ఎరను పట్టి గుంజగానే తాడు క్లిప్పులోంచి ఊడివస్తుంది. ఇక గుండుకూ చేపకూ సంబంధం లేదు. గుండును తరవాత తీరికగా చుట్టుకోవచ్చు.

అమెరికాలోని మిషిగన్ మహాసరస్సులో 1966లో పసిఫిక్ సముద్రపు కోహో సాల్మన్ చేపలను తెచ్చి వదిలారు. అవి వేసవిలో చల్లని నీటి కోసం లోతుకు పోతాయి. ఆ తరవాతనే అక్కడి పడవలమీద ఈ సాధనం బాగా వ్యాపించింది.

గుండు ఎందుతో చెయ్యాలి? ఇక్కడ చిన్న లెక్క చెయ్యండి. 3 కిలోల గుండు అనుకుందాం. మన నల్లగొండ గుట్టల రాయి నీటికన్న సుమారు 2.7 రెట్లు బరువు. అంటే 3 కిలోల రాయి 1.1 లీటరు నీటిని తొలగిస్తుంది. ఆ మేరకు నీరు దాన్ని పైకి ఎత్తుతుంది గనక, నీటిలో దాని బరువు 1.9 కిలోలే! సీసం నీటికన్న 11.3 రెట్లు బరువు. 3 కిలోల సీసం తొలగించే నీరు 265 మిల్లీలీటర్లు మాత్రమే. నీటిలో కూడా అది 2.7 కిలోలకు పైగా తూగుతుంది. పైగా అంత చిన్నదాన్ని నీరు వెనక్కు తొయ్యటం కూడా తక్కువే. విసురువల అంచున మన జాలరులు సీసపు గుళ్ళు కట్టటంలోని రహస్యం ఇదే. అయితే సీసం విషం. దాన్ని ముట్టుకున్న చేతులతో అన్నం తినకూడదు. అందుకని కొందరు ఇనుపగుండే వాడతారు.

లోతు తెలుసుకోవటానికి తాడుకు బారకొక గుర్తు కడితే చాలు. బార అంటే రెండు చేతులూ చాచినంత, సుమారు ఆరడుగులు. నాలుగు గుర్తులు దిగితే ఇరవైనాలుగు అడుగులు. తాడు వాలితే అంతకు కొంచెం తక్కువ.

ఇక అసలు ప్రశ్న: ఈ గిరకను పడవమీద ఎక్కడ బిగించాలి?

పెద్ద పడవకు ఈ చింత లేదు. వెనక అంచున బిగించుకుంటారు. కయాకు వెడల్పు రెండున్నర అడుగులే. పుట్టి ఆరడుగులది అనుకుందాం. పడవ ఒకపక్కకు ఒరిగితే ఆ పక్కన ఎక్కువ భాగం నీటిలో మునుగుతుంది. అక్కడి నీరు దాన్ని ఎత్తి మళ్ళీ సరిచేస్తుంది. వెడల్పు పెరిగినకొద్దీ ఈ బలం చాలా జోరుగా పెరుగుతుంది. లెక్కవేస్తే, పన్నెండు అడుగుల కయాకుకన్న ఆరడుగుల పుట్టి పక్కకు ఒరగకుండా నాలుగు రెట్లు గట్టిగా నిలుస్తుంది. కాని పొడుగు దిక్కున కయాకును వంచబోతే ఫలితం తారుమారు. అప్పుడు కయాకుదే పైచెయ్యి, అయిదు రెట్లకు పైగా.

కాబట్టి బరువును కయాకు కొసన వేలాడదీస్తే మంచిది గదా? అక్కడే ఉన్నది చిక్కు. కొస చేతికి అందదు. వెనక కొసన బిగించి, గుండు చుట్టటానికి నడుము తిప్పి వెనక్కు వంగారంటే పడవ తలకిందులవుతుంది. గిరక చేతికి అందే చోట ఉండాలి. లాగినప్పుడు పడవ ఒరగని చోటా ఉండాలి. కయాకులో ఈ రెండు గుణాలూ ఉన్న చోటు లేదు! అందుకని రాజీ పడాలి. కూర్చున్నవాడి మోకాళ్ళకు కొంచెం ముందుగా, కళ్ళకు కనబడుతూ, కుడిచేతివాటం వాడికి కుడిచేతికి అందేలా, వీలైనంతగా నడిమి గీతకు దగ్గరగా బిగించుకోవాలి. గుండును మోసే చేయి పొట్టిగా ఉండాలి.

పొట్టిగా ఎందుకో చూడండి. చేయి అడుగు పొడుగున్నదనీ, దాని పీటకు అటూ ఇటూ నాలుగంగుళాల ఎడంలో బోల్టులు ఉన్నాయనీ అనుకోండి. 3 కిలోల గుండు వేలాడితే లోపలివైపు బోల్టులను 9 కిలోల బలంతో పైకి పెకలిస్తుంది. చేయి రెండడుగులైతే 18 కిలోలు. కయాకు ప్లాస్టిక్ పలచన. బోల్టు తల ఒక్కటే ఆ బలాన్ని మోస్తే ప్లాస్టిక్ చిరుగుతుంది. అందుకని అడుగున వెడల్పాటి రేకో, పలకో పెట్టి దానికి బిగిస్తారు. నీరు కారకుండా రబ్బరు వాషర్లు వేస్తారు. నీటిమట్టానికి దగ్గరగా ఎన్నడూ రంధ్రం చెయ్యరు. పుట్టికైతే బోల్టు మాటే లేదు. నాలుగైదు వెదురు బద్దలమీద ఆనేలా ఒక అడ్డుకర్ర కట్టి, దానికి కట్టాలి. ఒక్క బద్దకు కడితే ఆ బద్ద ఊడివస్తుంది.

వేలాడే గుండు వల్ల మాత్రం పెద్ద ప్రమాదం లేదు. నడిమి గీతకు రెండడుగుల దూరంలో 3 కిలోలు వేలాడుతుంటే, అరవై కిలోల మనిషి అవతలికి ఒక అంగుళంపైన చిల్లర జరిగితే సరిపోతుంది. ప్రమాదం గుండు తగులుకున్నప్పుడు!

మన జలాశయాల అడుగు చదునైన ఇసుక కాదు. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న పునాదిరాయి వేశారు. ఆ నీటిలో నాగార్జునకొండ లోయ మునిగింది. మునగకముందే, 1954 నుంచి 1960 వరకు అక్కడ తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండమీదికి చేర్చారు. ఆ కొండే ఇప్పుడు ద్వీపం. శ్రీశైలం జలాశయం కింద మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల గ్రామాలు అనేకం మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో తిరిగి కట్టారు. సోమశిల ప్రాంతానికి అవతలి ఒడ్డు వైపున్న సంగమేశ్వరం గుడి అక్కడనే ఉండిపోయింది. ఏటా నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది, నీరు పెరిగితే మునిగిపోతుంది. గుడులను మోసుకు వెళ్ళారు గాని, ఇళ్ళ గోడలనూ, చెట్ల మొదళ్ళనూ ఎవరు మోస్తారు? అవన్నీ నీటి కిందనే ఉన్నాయి.

నాలుగు బారల లోతున పోతున్న గుండు అటువంటి చెట్టుమోడులో ఇరుక్కున్నదనుకోండి. ఇప్పుడు తాడు మీది బలం 3 కిలోలు కాదు. పడవా, మనిషీ, సామానూ కలిసి వంద కిలోలు నడకవేగంతో పోతూ హఠాత్తుగా ఆగితే ఎంత బలమో అంత! అదంతా పడవను పక్కనుంచి కిందికి లాగుతుంది. గాలి తోస్తున్నా, ఎగువ నుంచి వరద వస్తున్నా ఇంకా చెడ్డది.

అందుకే తెలిసినవారు గిరకను గట్టిగా బిగించటంతో తృప్తిపడరు. గిరకకు ఉండే పట్టు మితంగా పెట్టి, ఎక్కువ లాగితే తాడు జారిపోయేలా చేస్తారు. గుండును తీగకు కట్టేచోట పలచని దారం ముక్క వేస్తారు. తీగ తెగదు గాని, ఆ ముక్క తెగుతుంది. తీగ లోపలి కొసను కూడా చక్రానికి ముడివెయ్యక, సన్నని దారంతోనే తగిలిస్తారు. అంతా జారిపోతే పోనీ! ఉక్కుతీగ కత్తికి లొంగదు గనక కొందరు తీగకు బదులు తాడే వాడి, చెయ్యి పెట్టగానే దొరికే చోట కత్తి ఉంచుకుంటారు. ఒంటిమీద తేలుడు చొక్కా లేకుండా నీటిమీదికి పోరు. పోయిన గుండు వెల కొన్ని వందల రూపాయలు. కొందరు దాని కోసం పెనుగులాడతారు, అదే తప్పు.

పెద్దవాళ్ళకు ఒక మాట: జలాశయాల్లో చేపల హక్కు లైసెన్సులున్న జాలరులదీ, వారి సంఘాలదీ. సరదాకు గాలం వేసేవారు కూడా ముందు అడిగి వెయ్యాలి. పైగా అడుగున ఎక్కడ ఏ గోడ ఉన్నదో చెప్పగలవారు వారే.

పిల్లలు ఇంట్లో చెయ్యదగిన పని ఒకటున్నది. నీళ్ళ తొట్టిలో అంచున్న చిన్న స్టీలు పళ్ళెం వదలండి, అది పుట్టి. పక్కన సబ్బుపెట్టె వదలండి, అది కయాకు. రెండింటిలోనూ సమంగా గులకరాళ్ళు వెయ్యండి. ఒక నట్టుకు దారం కట్టి, పళ్ళెం అంచు నుంచి వేలాడదీసి, ఎంత ఒరుగుతుందో చూడండి. తరవాత సబ్బుపెట్టె పొడుగు అంచు నుంచి, ఆ తరవాత పొట్టి అంచు నుంచి వేలాడదీయండి. ఇప్పుడు నట్టు తీసి, ఆ దారానికే నీళ్ళలో కొంచెం బరువైన రాయి కట్టి, తొట్టి అడుగున ఆనించి, సబ్బుపెట్టెను మెల్లగా ముందుకు తొయ్యండి. పెట్టె ఒరిగి నీళ్ళు తాగుతుంది. చివరిసారిగా, దారం మధ్యలో తడిసిన కాగితపు పేలిక ముడివేసి అదే పని చెయ్యండి. పేలిక పుటుక్కున తెగుతుంది. రాయి అడుగున ఉండిపోతుంది. సబ్బుపెట్టె రెండుసార్లు అటూ ఇటూ ఊగి, నిలబడుతుంది.

ఆ నట్టు సైకిలుదైతే, మీ నాన్నగారు అడగకముందే దాని చోట దాన్ని పెట్టేయండి.